మూలికల సారం, రొమ్ము క్యాన్సర్ కణం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో మొక్కల సారాలను క్యాన్సర్ కణాల మీద పరీక్షించడం నా పని. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాలు, పక్కింటివాళ్ళు, స్టూడెంట్లు, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. నేను వైద్యం చేసే డాక్టర్ని కాను. మీ రిపోర్టులు చూసి మందు చెప్పలేను. ల్యాబ్‌లో ఏం జరుగుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలను.

"శేషాచలం మూలికతో రొమ్ము క్యాన్సర్ కణాలు చనిపోయాయి" అని పేపర్లో వేశారు. నిజమేనా?

చనిపోయిన మాట నిజమే అయివుంటుంది. ఎక్కడ చనిపోయాయన్నది మాత్రం వార్తలో ఉండదు, ఉన్నా చివరి పేరాలో ఉంటుంది.

మా దగ్గర జరిగేది ఇదీ. ఆకునో బెరడునో నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లోనో ఇథనాల్‌లోనో సారం తీస్తాం. ద్రావకం ఆవిరైపోయాక అడుగున ముదురు రంగు జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రవంలో కరిగిస్తాం. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటులో 96 చిన్న గుంటలుంటాయి, వాటిలో కణాలు పెరుగుతుంటాయి. కరిగించిన సారాన్ని తగినంత పలచన చేసి నేరుగా వాటి మీద వేస్తాం. అక్కడ కడుపు లేదు, కాలేయం లేదు, రక్తప్రవాహం లేదు. వేసినదంతా 24 గంటలో 48 గంటలో కణం చుట్టూనే ఉంటుంది. అలా ముంచితే కణం చాలావాటికి చస్తుంది. సబ్బునీళ్ళకీ చస్తుంది, బ్లీచింగ్ నీళ్ళకీ చస్తుంది.

కాబట్టి చచ్చిందా లేదా అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఎంత మోతాదుకి చచ్చింది, అంత మోతాదు మనిషి ఒంట్లోని గడ్డ దాకా చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. కింద ఏ జవాబు చూసినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, విసుక్కోకండి.

ఆ కణాలు ఎవరివి? ఇక్కడి ఆసుపత్రుల్లో రోగుల నుంచి తీసుకుంటారా?

ఎక్కువగా కాదు. పరిశోధన పేపర్లలో మీకు పదే పదే కనిపించే పేరు ఎంసీఎఫ్-7. ఎంసీఎఫ్ అంటే మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్. అమెరికాలో సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసినికి రొమ్ము క్యాన్సర్ ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. 1970లో ఆ నీటి నుంచి తీసిన కణాలు ల్యాబ్‌లో బతికి పెరగడం మొదలుపెట్టాయి. ఆవిడ పోయి యాభై ఏళ్ళు దాటింది, కణాలు ఇప్పటికీ ప్రపంచమంతటా విభజన చెందుతూనే ఉన్నాయి. మన దేశంలో చాలా ల్యాబ్‌లు వాటిని పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకుంటాయి.

ఈ కణాలకి ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉంటాయి. అంటే ఆ హార్మోన్ అందితే జోరుగా పెరుగుతాయి. ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రకం ఉంది, అది ట్రిపుల్ నెగెటివ్, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 అనే మూడు గ్రాహకాలూ లేనిది. మొండి రకం, చుట్టుపక్కలకి చొచ్చుకుపోయే గుణం ఎక్కువ. ఎంసీఎఫ్-7ని చంపిన సారం 231ని తాకకపోవచ్చు. "రొమ్ము క్యాన్సర్‌కి మందు" అని ఎవరైనా అంటే ఏ రకం రొమ్ము క్యాన్సర్‌కి అని అడగండి. సగం బండారం అక్కడే బయటపడుతుంది.

ఎంటీటీ పరీక్ష, ఐసీ50 అంటే ఏమిటి?

ఎంటీటీ ఒక పసుపురంగు పొడి. దాని ద్రావణాన్ని గుంటల్లో వేసి మూడు నాలుగు గంటలు 37 డిగ్రీల దగ్గర ఉంచితే, బతికున్న కణాల్లోని ఎంజైములు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మార్చేస్తాయి. చచ్చిన కణం మార్చలేదు. తర్వాత స్ఫటికాలను కరిగించి, రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తాం. ఊదా చిక్కగా ఉంటే కణాలు హాయిగా ఉన్నట్టు, వెలిసిపోతే మందు పనిచేసినట్టు.

మందు వేయని కణాలతో పోలిస్తే ఆ రంగు సగానికి పడిపోయే మోతాదే ఐసీ50. ఇది ఎంత తక్కువుంటే మందు అంత బలమైనది. శుద్ధి చేయని మొక్క సారానికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పెట్టుకున్న గీత, మిల్లీలీటరుకి 30 మైక్రోగ్రాముల లోపు. ఆ లోపుంటేనే ముందుకెళ్ళడం దండగ కాదని లెక్క. మరి 200, 300 మైక్రోగ్రాములు పోస్తేగానీ చావని సారాన్ని కూడా "శక్తిమంతమైన క్యాన్సర్ నిరోధకం" అని రాసే పేపర్లు దండిగా వస్తుంటాయి. నా మటుకు నేను వాటిని పక్కన పెట్టేస్తాను.

పసుపు క్యాన్సర్‌ని చంపుతుందని సైన్సే చెప్పింది కదా?

పసుపులోని కర్క్యుమిన్ మీద జరిగినన్ని పరిశోధనలు మరే వంటింటి దినుసు మీదా జరగలేదేమో. ప్లేటులో అది రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతుంది, అందులో సందేహం లేదు. ఎంసీఎఫ్-7 మీద సాధారణంగా 10 నుంచి 30 మైక్రోమోలార్ల (ద్రవంలో మందు గాఢతని కొలిచే లెక్క) మోతాదు కావాలి.

ఇక ఒంట్లోకి వద్దాం. రోజుకి 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ మింగించి చూసినప్పుడు కూడా రక్తంలో అది 2 మైక్రోమోలార్ల లోపే కనిపించింది. చాలా అధ్యయనాల్లో అంతకన్నా బాగా తక్కువ. పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్న కాస్త కూడా కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. ఆ 8 గ్రాములు వంట పసుపులో కావాలంటే ఎంత తినాలి? పసుపులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్ళనుకుంటే రోజుకి పావు కిలో పైమాటే. అంత తిన్నా ప్లేటులో పనిచేసిన మోతాదుకి దరిదాపుల్లోకి రాము.

పక్కనే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు పెట్టి చూడండి. అదే ఎంసీఎఫ్-7 కణాలను అది కొన్ని నానోమోలార్ల దగ్గరే ఆపేస్తుంది. మైక్రోలో వెయ్యో వంతు నానో. అంటే కర్క్యుమిన్‌తో పోలిస్తే వేల రెట్ల తేడా. పైగా దాన్ని నేరుగా నరంలోకి ఎక్కిస్తారు.

ఇంకో చిక్కుంది. కర్క్యుమిన్ దానంతట అదే మెరుస్తుంది, త్వరగా విరిగిపోతుంది, కనిపించిన ప్రతి ప్రోటీన్‌కీ అతుక్కుంటుంది. అందువల్ల పరీక్షల్లో ఉత్తుత్తి ఫలితాలు ఇవ్వడంలో దానికి పేరుంది. కూరలో పసుపు మానేయమని కాదు. అది కూరకి వేసుకోండి, గడ్డకి కాదు.

అయితే మొక్కల నుంచి క్యాన్సర్ మందే రాలేదా?

ఎందుకు రాలేదు? కీమో వార్డులో "పాక్లి పన్నెండు వారాలు" అని మాట్లాడుకుంటారే, ఆ పాక్లిటాక్సెల్ చెట్టు మందే. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే పసిఫిక్ యూ అనే చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులోని పదార్థాన్ని మన్రో వాల్, మన్సుఖ్ వాణి విడదీసి, 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. ఈ వాణి మహారాష్ట్రలో పుట్టి, బొంబాయిలో చదువుకుని వెళ్ళినవాడు. అది ఎలా పనిచేస్తుందో 1979లో సూసన్ హార్విట్జ్ తేల్చింది. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపల సన్నని గొట్టాలు అల్లుకుని, పనయ్యాక విడిపోవాలి. పాక్లిటాక్సెల్ వాటిని విడిపోనివ్వదు, కణం మధ్యలోనే ఇరుక్కుని చస్తుంది. అండాశయ క్యాన్సర్‌కి 1992లో, రొమ్ము క్యాన్సర్‌కి 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు తీసిన నాటి నుంచి ముప్ఫై ఏళ్ళు! డోసిటాక్సెల్ దాని చెల్లెలే, ఐరోపా యూ చెట్టు ఆకుల పదార్థం నుంచి తయారు చేశారు.

ఈ కథలో నాకు నచ్చేది బెరడు కాదు, ఆ మధ్యలో జరిగిన పని. ఒక్క పదార్థాన్ని విడదీయడం, మోతాదు కట్టడం, ఎలుకల్లో, తర్వాత మనుషుల్లో దశలవారీగా చూడటం, అలర్జీ రాకుండా ముందు స్టెరాయిడ్ ఇవ్వాలని తెలుసుకోవడం. మూలికకీ మందుకీ మధ్య ఉన్నదంతా అదే.

మా పెరట్లో బిళ్ళగన్నేరు ఉంది. దాన్నుంచే కీమో మందు తీస్తారటగా, ఆకు కషాయం తాగితే?

తాగకండి. బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చిన మాట నిజమే. అదే కుటుంబానికి చెందిన వినోరెల్బిన్‌ని రొమ్ము క్యాన్సర్‌లోనూ వాడతారు. కానీ ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కి సుమారు 500 కిలోల ఎండు ఆకు కావాలి. మీ గ్లాసు కషాయంలో మందు లేనట్టే లెక్క, మొక్కలోని మిగతా విషపదార్థాలు మాత్రం వస్తాయి.

ఎర్రచందనంలో క్యాన్సర్ మందు ఉందంటున్నారు?

మన కొండల చెట్టు కాబట్టి ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకూ ఉత్సాహమే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల దాటితే ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు దాదాపు లేదు. దాని చేవలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉంది. దీన్ని మొదట విడదీసింది ఎర్రచందనం నుంచే. మనవాళ్ళు షుగర్‌కని రాత్రంతా నీళ్ళు పోసి ఉంచే చెక్క గ్లాసు చూశారా? ఆ వేగిస చెక్కలోనూ ఇది ఉంది, బ్లూబెర్రీ పళ్ళలోనూ ఉంది.

ద్రాక్ష తొక్కలోని రెస్వెరాట్రాల్‌కి ఇది దగ్గర చుట్టం. అయితే దీని అణువుకి రెండు మిథైల్ తోకలు అదనంగా ఉండటంతో పేగు దీన్ని మెరుగ్గా పీల్చుకుంటుంది. ప్లేటులో ఎంసీఎఫ్-7 మీదా, 231 మీదా పనిచేసినట్టు పలు ల్యాబ్‌లు చూపించాయి. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్సగా ఎక్కడా అనుమతి లేదు. కర్క్యుమిన్ కంటే దీని మీద నాకు కాస్త ఎక్కువ ఆశ ఉంది, అంతవరకే.

చెక్క అరగదీసి తాగుదామనుకునేవాళ్ళకి ఒక మాట. టెరోస్టిల్బీన్ నీళ్ళలో సరిగా కరగదు. ఎర్రగా దిగేది రంగు. ఇక దుంగ కోసం అడవిలోకి వెళ్తే ఏమవుతుందో తిరుపతివాళ్ళకి నేను చెప్పాలా?

లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమైనదని వాట్సాప్‌లో వచ్చింది.

ఆ "పదివేల రెట్లు" ఎక్కడిదో చెబుతాను. 1996లో అమెరికాలో ఒక ల్యాబ్ ఈ పండు గింజల నుంచి విడదీసిన ఒకే ఒక పదార్థాన్ని, ఒకే ఒక పెద్దపేగు క్యాన్సర్ కణరకం మీద పరీక్షించి, కీమో మందు ఎడ్రియామైసిన్‌తో పోల్చింది. రొమ్ము క్యాన్సర్ కాదు, పండు గుజ్జూ కాదు, మనిషి అసలే కాదు. ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఇవన్నీ దారిలో రాలిపోయాయి.

ఈ రకం పదార్థాలు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని ఆపేస్తాయి. మెదడు కణాలకీ ఆ శక్తే కావాలి. కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో ఈ పండు, ఆకు టీ ఏళ్ళ తరబడి బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్‌ని పోలిన జబ్బు, మామూలు మందులకి లొంగనిది, ఎక్కువగా ఉందని అక్కడి వైద్యులు 1999లో రాశారు. కారణం ఇదేనని పూర్తిగా తేలలేదు గానీ, ఎప్పుడైనా ఒక పండు తినడం వేరు, "క్యాన్సర్ మందు" అని రోజూ ఆకు కాచి తాగడం వేరు.

మూలికలు చెడ్డ కణాలనే చంపి మంచివాటిని వదిలేస్తాయట కదా?

కొన్ని అలా చేస్తాయి, చాలావరకు చేయవు. తెలియాలంటే ఎంసీఎఫ్-10ఏ లాంటి, క్యాన్సర్ కాని రొమ్ము కణాల మీద కూడా అదే సారాన్ని పరీక్షించాలి. ఆ పట్టిక లేని పేపర్‌లో "దుష్ప్రభావాలు లేవు" అని ఉంటే అది రచయిత కోరిక మాత్రమే.

కీమో నడుస్తుండగా కషాయాలు, చూర్ణాలు వాడొచ్చా?

మీ ఆంకాలజిస్టుని అడగకుండా వాడొద్దు. ఇక్కడ ఇబ్బంది "మూలిక పనిచేయదు" అని కాదు, పనిచేయడమే ఇబ్బంది.

మా వీధిలో ఒక అక్క కీమోతో పాటు ఎవరో ఇచ్చిన చూర్ణం వాడుతుండేది. నాలుగో విడతకి ముందు రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు పెరిగాయి, కీమో వాయిదా వేశారు. "డాక్టరు తిడతాడేమోనని చెప్పలేదమ్మా" అంది. సీసా మీద లేబుల్ లేదు, అందులో ఏముందో ఇచ్చినాయనకే తెలియాలి. చూర్ణం మానేశాక ఎంజైములు దిగాయి, కీమో మళ్ళీ మొదలైంది. చూర్ణమే కారణమని తేల్చి చెప్పలేం, కీమో మందులూ కాలేయాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి. చెప్పి ఉంటే మాత్రం ఆ డాక్టరుకి వెతుకులాట తప్పేది.

అశ్వగంధ, గాఢమైన పసుపు క్యాప్సూళ్ళు వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విషయంలో మన దేశపు వైద్యులే అలాంటివి రాశారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, కీమో మీద ఉన్న కాలేయంతో ప్రయోగాలు వద్దు.

ఈస్ట్రోజెన్‌తో పెరిగే రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వేసుకునేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త. ఆ మాత్ర కాలేయంలో ఎండాక్సిఫెన్‌గా మారితేనే బాగా పనిచేస్తుంది. కర్క్యుమిన్, మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే రక్తంలో ఎండాక్సిఫెన్ తగ్గుతుందని 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. దుకాణాల్లో అమ్మే పసుపు క్యాప్సూళ్ళలో చాలావాటిలో మిరియాల సారం ఉంటుంది, బాగా ఒంటబడుతుందని. ఇక సోయాలోని జెనిస్టీన్ లాంటివి ఈస్ట్రోజెన్‌ని అనుకరిస్తాయి. ప్లేటులో జెనిస్టీన్ ఎక్కువ మోతాదులో ఎంసీఎఫ్-7ని ఆపుతుంది, తక్కువ మోతాదులో పెంచుతుంది! కాబట్టి హార్మోన్ పాజిటివ్ రకం (హార్మోన్ గ్రాహకాలున్నది) ఉన్నవాళ్ళు ఆడవాళ్ళ టానిక్కులు, మాత్రలు డాక్టరుకి చూపించే వాడాలి.

చారులో మిరియాలు, కూరలో పసుపు, కరివేపాకు పొడి, ఉసిరికాయ పచ్చడి గురించి మాత్రం టెన్షన్ పడకండి. వంట మోతాదు వేరు, క్యాప్సూల్ మోతాదు వేరు.

ఆయుర్వేదం అంటే మీకు చిన్నచూపా?

కాదు. ఏ మొక్కని పరీక్షించాలో మాకు దారి చూపేది చాలాసార్లు ఆ గ్రంథాలూ, కొండల్లో మూలికలు తెచ్చే యానాదులే. తిరుపతిలోనే ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఉంది, చదువుకున్న వైద్యులున్నారు. వాళ్ళలో తెలిసినవాళ్ళెవరూ "కీమో మానేసి మా దగ్గరికి రా" అనరు. "క్యాన్సర్ గ్యారంటీగా నయం" అని బోర్డు పెట్టేవాళ్ళ సంగతి వేరు. అలా ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

రొమ్ములో గడ్డ తగిలింది. ముందు మూలిక వాడి చూసి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్దామా?

వద్దమ్మా. ముందు అదేమిటో తేలనివ్వండి. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, ఆ భయంతోనే ఆగిపోకండి. నొప్పి లేదు కాబట్టి పర్వాలేదనుకోవడం మాత్రం పొరపాటు, క్యాన్సర్ గడ్డ తరచుగా మొదట్లో నొప్పి పుట్టదు. సూదిపెట్టి ముక్క తీస్తే పాకుతుందన్నది అపోహ. ఏ రకమో తెలియాలంటే ఆ ముక్కే కావాలి. మన దేశంలో ఆడవాళ్ళకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. 2022 అంచనాల ప్రకారం ఏడాదిలో సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులు.

దీనికోసం మద్రాసు, వేలూరు పరిగెత్తక్కర్లేదు. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి స్వీకార్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే వెంట తీసుకెళ్ళి, అక్కడి కౌంటర్‌లో ఏమేం వర్తిస్తాయో అడగండి.

మేడం, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఏదైనా మొక్క సారం ఎంసీఎఫ్-7 మీద చేద్దామనుకుంటున్నాను. సలహా?

మొదట, ప్రతి ఆకుతోనూ వెండి నానో రేణువులు చేసి కణాల మీద పోయడం మానండి. వెండి ఎలాగూ కణాలను చంపుతుంది, అందులో ఆకు గొప్పతనం ఎంతో మీరు తేల్చలేరు. కంప్యూటర్‌లో డాకింగ్ (అణువు ప్రోటీన్‌కి ఎలా అతుక్కుంటుందో లెక్క కట్టడం) చేసి "బంధించే శక్తి అద్భుతం" అని రాసేసి ఆగిపోవద్దు కూడా.

డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన గుంటలు తప్పకుండా ఉండాలి, లేకపోతే చంపింది సారమో ద్రావకమో తెలియదు. కణాలు లేకుండా సారం, ఎంటీటీ మాత్రమే వేసిన గుంటలు కూడా పెట్టండి. ఉసిరి, కరక్కాయ లాంటి పాలీఫినాల్ మొక్కలు కణం అవసరం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. పోలికకి డాక్సోరుబిసిన్ లాంటి తెలిసిన మందు పెట్టండి. ఎంసీఎఫ్-7లో కాస్పేజ్-3 (కణం తనంతట తాను చావడానికి వాడే ఎంజైము) ఉండదు. అందులో కాస్పేజ్-3 చురుకైందని రాసిన థీసిస్ కనిపిస్తే కాపీ కొట్టకండి, మీ వైవాలో ఎవరైనా అడుగుతారు.

కణాల గుర్తింపు పరీక్ష కూడా అడిగి చేయించండి. ఎండీఏ-ఎంబీ-435ని ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే అది చర్మపు మెలనోమా కణమని తేలింది.

శేషాచలంలో మాత్రమే దొరికే మొక్కల మీద మోజు పడేముందు అటవీశాఖ అనుమతి సంగతి చూసుకోండి. 2010 నుంచి అది జీవావరణ రిజర్వు కూడా. తెల్లకరక బెరడు కోసం చెట్టు చుట్టూ గీకేస్తే చెట్టే పోతుంది. ఆకుతో పని జరిగితే ఆకుతోనే చేయండి.

మా ఊరి నాటు వైద్యుడి మందు తెస్తే మీ ల్యాబ్‌లో టెస్ట్ చేసిపెడతారా?

పొడి తెస్తే చేయలేను. పొడిలో ఏ మొక్కలున్నాయో చెప్పడం కష్టం. పైగా అలాంటి పొడుల్లో సీసం, పాదరసం, అప్పుడప్పుడు స్టెరాయిడ్ కూడా కలుస్తుంటాయి. కణాలు చస్తే దేనివల్ల చచ్చాయో తేలదు. ఆయన ఒప్పుకుంటే మొక్కనే తీసుకురండి. పువ్వో కాయో ఉన్న కొమ్మ, పాత న్యూస్‌పేపర్ మడతల్లో చదునుగా పెట్టి, కోసిన చోటు, తేదీ ఒక చీటీ మీద రాసి. ముందు బోటనీ వాళ్ళు పేరు తేలుస్తారు, నమూనా హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోట, ఉంటుంది. రేపు దాంతో ఎవరైనా వ్యాపారం చేస్తే లాభంలో ఆ వాడకం చెప్పిన సమాజానికి వాటా ఇవ్వాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది. కాబట్టి ఆయన పేరూ, చెప్పిన వాడకమూ రికార్డులో రాయిస్తాను, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని రండి.